పూత పట్టని చోటు

"వాన తగ్గేదాకా మీకు వ్యవధి ఉంది పద్మనాభం గారూ. తగ్గిందా, వీణ్ణి తీసుకుపోతాను. మేజిస్ట్రేటు గారు సాయంత్రం దాకా కచేరీలో ఉంటానన్నారు."

ఇన్‌స్పెక్టరు వైకుంఠరావు ఈ మాట బట్టీ లోపల నిలబడి అన్నాడు. వీడంటే అసిరయ్య, బట్టీకి మంట వేసేవాడు. చేతులకు సంకెళ్ళతో గోడకు ఆని కూర్చున్నాడు. జాడీల కార్ఖానా మేనేజరు తాతారావును తానే చంపానని పోలీసులతో ఒప్పుకున్నాడు. పోలీసుల దగ్గర ఒప్పుకున్నది కోర్టులో చెల్లదు. అదే మాట మేజిస్ట్రేటు ముందు మరోసారి చెబితే చెల్లుతుంది. ఆ తర్వాత ఆ మెడకు తాడు తప్పించడం నా వల్ల కాదు.

తెల్లవారినప్పటినుంచి తుఫాను వాన. అంకులి నుంచి బరంపురం వెళ్ళే దారి మీద నడుంలోతు నీళ్ళు పారుతున్నాయి. పూత షెడ్డు కప్పు సగం ఎగిరిపోయింది. కార్ఖానా మొత్తంలో పొడిగా మిగిలింది ఈ బట్టీ ఒక్కటే. అందుకని అందరం ఇందులో దూరాం: ఇన్‌స్పెక్టరు, నేను, అసిరయ్య, అతని భార్య తవిటమ్మ, పూత మేస్త్రీ సింహాచలం. తవిటమ్మ జాడీలను పూతలో ముంచే మనిషి. కాలేజీలో తర్కం చెప్పే నన్ను పిలిపించింది ఆమే. సింహాచలం ఆమెకు అన్న. గుమ్మంలో ఒక కానిస్టేబు గొంతుక్కూర్చుని బయటి వెలుతురును సగానికి సగం ఆపేశాడు.

గుమ్మం అనడమే గాని దానికి తలుపు లేదు. జాడీలు పేర్చడం పూర్తయ్యాక ఆ సందును ఇటుకలతో కట్టి మట్టి మెత్తుతారు. కాల్చి, చల్లారాక ఇటుకలు ఊడదీస్తారు. లోపలికి రావాలంటే నడుము వంచాలి. వచ్చాక నడుము ఎత్తవచ్చు గాని, ఆ గుండ్రటి గోడ, పైన బోర్లించినట్టున్న కప్పు, ఇంకా చావని వేడి మనిషిని వంచే ఉంచుతాయి. ఇరుకు చోట్ల నా బుద్ధి రెండు పాయలవుతుంది. ఒకటి ఎదుటి మనిషి ముఖం చూస్తుంది. రెండోది గుమ్మాన్ని చూస్తుంది. ఆ రెండోదాన్ని పనిలో పెట్టకపోతే మొదటిదాన్ని కూడా లాక్కుపోతుంది. అందుకని వెంటనే ప్రశ్నలు మొదలుపెట్టాను.

"అసిరయ్యా, తాతారావును దేంతో కొట్టావు?"

"ఇనప గడతోటి బాబూ. మంట ఎగదోసే గడ."

"ఎప్పుడు?"

"సోమారం. మంటేసినాక."

"ఎక్కడ తగిలింది?"

"ఎనకనుండి. నెత్తిమీద."

"ఆ గడకు ఎప్పుడూ మసి ఉంటుంది. డాక్టరు ఆ గాయంలో మసి లేదన్నాడు."

"కడిగినాను బాబూ."

"కొట్టే ముందు కడిగావా?"

గుమ్మంలో కానిస్టేబు కిసుక్కుమన్నాడు. అసిరయ్య నా వంక చూడలేదు. అబద్ధం చెప్పేవాడు వినేవాడి కళ్ళలో తన మాట పారిందో లేదో వెతుక్కుంటాడు. ఇతనికి ఆ అవసరం కనిపించలేదు. నేను నమ్మనక్కర్లేదు, ఇన్‌స్పెక్టరు నమ్మితే చాలు.

"మాటలతో తికమక పెట్టడం మీ కాలేజీ విద్య," అన్నాడు వైకుంఠరావు. "నా దగ్గర ఉన్నవి చెప్తాను. శవం మంగళవారం మట్టి నానబెట్టే గుంటలో దొరికింది. తాతారావు ఒంటరివాడు, ఇంట్లో అడిగేవాళ్ళు లేరు. ఆదివారం మధ్యాహ్నం తర్వాత చూసినవాళ్ళు లేరు. తడిమట్టిలో ఉండటంవల్ల ఆదివారం చచ్చాడో సోమవారం చచ్చాడో డాక్టరు తేల్చలేకపోయాడు. సోమవారం ఈ ఆవరణలో పగలూ రాత్రీ ఉన్నది వీడొక్కడే. పైగా ఒప్పుకున్నాడు."

"ఆదివారం ఇతను చికిటిలో ఉన్నాడు. మేనత్త పదోనాడు. ఊరు ఊరంతా చూసింది. సోమవారం పొద్దున్నే వచ్చి మంట వేశాడు."

"అందుకే సోమవారం అంటున్నాను."

"హత్య ఆదివారం జరిగిందని చూపిస్తే?"

"చూపించండి. వాన తగ్గుతోంది."

తగ్గడం లేదు. కాని అతను ఆ మాట అన్నాక నాకు శబ్దం పలచబడినట్టే అనిపించింది.

సింహాచలం ఇవేవీ పట్టించుకోనట్టు తన పని చేసుకుపోతున్నాడు. సరుకు ఈ రోజే దించాలని యజమాని హుకుం. వరస నుంచి ఒక్కో జాడీ తీసి, గోటితో మోగించి, తిప్పి చూసి, నేలమీద మూడు చోట్ల పెడుతున్నాడు. పొడుగాటి మనిషి. జాడీని పట్టుకున్నప్పుడు అతని ముఖంలో తీరు మారుతుంది, నిద్రపోతున్న పిల్లవాణ్ణి ఒక ఒడిలోంచి ఇంకో ఒడిలోకి మార్చేవాడిలా.

"ఆ మూడు వరసలేమిటి మేస్త్రీ?"

"అవి మంచియి బాబూ. అమ్మకానికి. ఇవి బాగుసెయ్యాల్సినయి. అయి పారెయ్యాల్సినయి."

"బాగుచెయ్యడం ఎలా?"

"సూది బొక్కలుంటే రాయితో గీకుతాం. పూత పట్టక బోడిగా మిగిలిందనుకోండి, జాడీని కొంచెం ఎచ్చసేసి, పూతలో తుమ్మబంక కలిపి చిక్కగా అద్ది, మళ్ళీ కాలుస్తాం. పగిలినదానికి మందు నేదు. పారెయ్యడమే."

తాతారావు తలకు తగిలినది గుండ్రంగా, బరువుగా, మసి లేకుండా ఉండాలి. ఈ ఆవరణలో అలాంటి వస్తువులు వందలున్నాయని ఉదయం నుంచి నాకు తెలుసు. వాటిలో ఏది అనేదే తెలియదు. నేను రెండో వరస ముందు కూర్చున్నాను. ఒక్కో జాడీని గుమ్మం వెలుతురుకేసి తిప్పుతూ చూశాను. నాలుగైదింటి తర్వాత ఒక పెద్ద ఊరగాయ జాడీ చేతికొచ్చింది. భుజం మీద అరచేయి వెడల్పున పూత లేదు. లేకపోవడం అంటే కారిపోయినట్టు కాదు. అక్కడ ఏదో ఇష్టం లేనట్టు పూత నాలుగువైపులా వెనక్కి జరిగి, అంచులు పెదవుల్లా దళసరిగా ముడుచుకుంది. మధ్యలో ఇటుకరంగు మట్టి బోడిగా కనిపిస్తోంది. ఆ బోడి మచ్చ నడిమి నుంచి ఒక పగులు బయలుదేరి జాడీ కడుపుదాకా దిగింది.

తవిటమ్మను పిలిచాను. ఆమె చేతులు పమిట కింద దాచుకుని వచ్చింది. ఉదయం నుంచి అలాగే ఉంది. వేడిగా ఉన్న బట్టీలో చలి వేస్తున్న మనిషిలా.

"పూత ఇలా ఎందుకు వెనక్కి పోతుంది?"

"దుమ్ముంటే పోతాది బాబూ. తడిగుడ్డతో తుడిసి ముంచితే పట్టుకుంటాది."

"ఇది దుమ్మేనా?"

ఆమె వంగి చూసింది. చాలాసేపు చూసింది.

"కాదు. దుమ్ముదైతే సుక్కలు సుక్కలుగా ఉంటాది. ఇది నూని."

"తుడిస్తే పోదా?"

"నీళ్ళతో నూని పోద్దేటి. మట్టి పీల్సేసుకుంటాది. మొత్తం మళ్ళీ కాల్సాల. అందుకే పూత ముంచే దినాల్ల మేం తలకి గాని ఒంటికి గాని సుక్క నూని ముట్టుకోం. కూరలో నూనేసినా సేతులు సున్నిపిండితో తోముకునే వొస్తాం. ఏళ్ళ నుండీ మా సెడ్డులో ఇలాటి మచ్చ పళ్ళేదు."

"షెడ్డుకు నూనె రాసుకుని వచ్చేవాళ్ళు ఒక్కరూ లేరా?"

ఆమె చెప్పనక్కర్లేకపోయింది. తాతారావు తలనూనె వాసన అతనికంటే ముందు షెడ్డులోకి వచ్చేదని కార్ఖానాలో నేను అడిగిన ప్రతివాళ్ళూ నవ్వుతూ చెప్పారు. శవం మట్టిలోంచి తీశాక కూడా జుట్టు అట్టకట్టలేదనీ, నీళ్ళు పోస్తే మట్టి జారిపోయిందనీ పంచనామాలో వైకుంఠరావే రాశాడు.

"ఇన్‌స్పెక్టరు గారూ, మీ వేలు ఒకసారి ఇవ్వండి."

"ఎందుకు?"

"కోర్టులో చెప్పడానికి మీకే పనికొస్తుంది."

మూడో వరసలోంచి ఒక పగిలిన జాడీ తీసి, ఆ పగులు అంచు మీద అతని వేలు ఆనించాను. చటుక్కున వెనక్కి తీసుకున్నాడు. సన్నగా రక్తం తేలింది.

"ఇది కాలిన తర్వాత, చల్లారేటప్పుడు పగిలింది. పూత అప్పటికే గాజై ఉంటుంది కాబట్టి అంచు కత్తిలా తెగింది. ఇప్పుడు ఈ జాడీ చూడండి."

అతను అనుమానంగా బోడి మచ్చ జాడీ పగులు మీద వేలు నడిపించాడు. పైనుంచి కిందికి. మళ్ళీ కిందినుంచి పైకి.

"నున్నగా ఉంది."

"పూత కరిగి అంచులమీద గుండ్రంగా దిగింది. అంటే ఇది బట్టీలోకి వచ్చేటప్పటికే పగిలి ఉంది. పూతకు ముందు ఒకసారి కాల్చిన వట్టి జాడీగా ఉన్నప్పుడు దీనికి దెబ్బ తగిలింది. తగిలినచోట నూనె అంటింది. ఆ తర్వాత దీన్ని పూతలో ముంచారు. తర్వాత ఇక్కడ పేర్చారు. గుమ్మం ఎప్పుడు కట్టారు?"

"ఆదివారం సాయంత్రం," అన్నాడు వైకుంఠరావు, తనకు తెలియకుండానే.

"ఆ మట్టి ఎక్కడా చెదరలేదని చూశాకే ఇవాళ పొద్దున మీ ఎదుట పగలగొట్టించారు. ఆదివారం సాయంత్రం లోపల పడ్డ జాడీ సోమవారం ఎవరి తలనూ పగలగొట్టలేదు. తాతారావు ఆదివారమే పోయాడు. అప్పుడు అసిరయ్య చికిటిలో ఉన్నాడు."

నాకు సంతోషం కలిగింది. దాన్ని దాచను. ఆలోచన ఒక కొసనుంచి ఇంకో కొసకు తెగకుండా వెళ్ళినప్పుడు కలిగే సంతోషం అది. దానికి మనుషులతో సంబంధం ఉండదు. కాసేపు ఆ గోడలు కూడా వెనక్కి జరిగినట్టు అనిపించింది. తలెత్తి చూస్తే నన్ను పిలిపించిన మనిషి ముఖంలో ఆ సంతోషం లేదు. తవిటమ్మ మొగుడివైపు చూడటం లేదు. అన్నవైపు చూడటం లేదు. నేలమీద ఒకచోటు చూసుకుని, కళ్ళు అక్కడినుంచి కదలకుండా కాపలా కాస్తోంది.

వైకుంఠరావు వేలి రక్తాన్ని రుమాలుకు అద్దుకుంటూ నవ్వాడు.

"బాగుంది. చాలా బాగుంది. వీడు కాదని ఒప్పుకుంటాను. అయితే ఒక్క మాట చెప్పండి. దెబ్బ తగిలిన తర్వాత దీన్ని పూతలో ముంచారు అన్నారు కదూ? ఈ కార్ఖానాలో పెద్ద జాడీలు ముంచేది ఎవరు?"

నా తర్కమే నాకు అడ్డం తిరిగి, ఆ ఇరుకు గుమ్మంలో నిలబడింది.

"ఒక్క మనిషే," అన్నాడతను. "దీని మొగుడు ఎందుకు ఒప్పుకున్నాడా అని నాకూ మొదటినుంచి ఒక మూల ఉంది లెండి. సోమవారం వచ్చేసరికి పెళ్ళాం పూత తొట్టి దగ్గర నేలమీద ఏదో చూసి ఉంటాడు. ఏరా, రక్తమేనా?"

అసిరయ్య లేచాడు. సంకెళ్ళున్నవాడు అంత చురుగ్గా లేవగలడని ఎవరం అనుకోలేదు. ఒక్క అడుగు వేసి జాడీని కాలితో తన్నాడు. అది గోడకు కొట్టుకుంది. ముక్కలు బట్టీ నేలంతా చెదిరాయి. అప్పుడు అడుగు వెనక్కి వేసి తన చోట్లో తాను కూర్చున్నాడు.

"ఏ జాడీ బాబూ?" అన్నాడు. గొంతు మామూలుగానే ఉంది. "నానే సంపినాను. సోమారం. గడతోటి. ఎల్దారి రండి, వానైనా పర్లేదు."

కానిస్టేబు లోపలికి దూరాడు. గుమ్మంలోంచి ఒక్కసారిగా వెలుతురు పడింది. ఎన్ని ముక్కలో. ఇప్పుడు ప్రతి ముక్కకూ కత్తిలాంటి అంచులే. నున్నటి అంచు ఉన్న ముక్క ఏదో వెతికి తీసినా, అది ఏ జాడీదో, ఎలా పగిలిందో ప్లీడరు ఎవరైనా నిమిషంలో గందరగోళం చేస్తాడు. తనను బతికించే వస్తువును తన కాలితోనే పొడి చేశాడు ఈ మనిషి.

"చూశారా? పెళ్ళామే చేసిందని వీడి నమ్మకం," అన్నాడు వైకుంఠరావు. "నాకు ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు. ఇలా రా అమ్మా. చేతులు పట్టు."

"అది కాదు బాబూ, అదేటీ సెయ్యనేదు," అని అసిరయ్య అంటూనే ఉన్నాడు. తవిటమ్మ అడ్డు చెప్పలేదు. ఇన్‌స్పెక్టరు ఎదుటికి నడిచి, పమిట కిందనుంచి చేతులు బయటికి తీసి చాచింది.

చేతులు మణికట్టుదాకా పైకి లేచే ఉన్నాయి. అక్కడినుంచి రెండు అరచేతులూ కిందికి వేలాడిపోయాయి, తొడిమ వాడిన ఆకుల్లా. కానిస్టేబు ఒక చేతిని పట్టుకుని పైకి ఎత్తాడు. వదలగానే మళ్ళీ పడిపోయింది.

"చెయ్యి తిన్నగా పెట్టు."

"అంతే బాబూ. లెగవు."

"ఎప్పటినుంచి?" అని అడిగాను.

"వినాయక సవితికాడ్నుండి."

"అన్నం ఎలా తింటున్నావు?"

"ఆయినే పెడతాడు."

వైకుంఠరావు నా వంక చూశాడు. మొదటిసారిగా అతని చూపులో పోటీ లేదు. ఈ చేతులతో పెద్ద జాడీ ఎత్తి మనిషి తలమీద వెయ్యడం కాదు గదా, దాన్ని పూతలో ముంచి తియ్యడం కూడా జరగదు. అయినా చవితి తర్వాత కూడా కార్ఖానాలో పెద్ద జాడీలు ముంచడం ఆగలేదు. ఆమె పని పోలేదు. మేనేజరుకు ఆమె చేతుల సంగతి తెలియనివ్వకుండా, ఆమె వాటా జాడీలు ఎవరో ముంచుతూ వచ్చారు. ఈమె ఇందాక మచ్చ చూసి "నూని" అన్నప్పుడే అదెవరో లెక్క తేల్చుకుంది. ఆ పేరు చెప్పడంకంటే సంకెళ్ళకు చేతులు చాచడం ఆమెకు సులువైంది.

నేను ఆమెను అడగలేదు.

"సింహాచలం."

అతను వరస ముందు గొంతుక్కూర్చుని ఉన్నాడు. చేతిలో జాడీ లేదు.

"పగిలినదానికి మందు లేదన్నావు."

"నేదు బాబూ."

"ఎంత చిన్న పగులైనా?"

"ఎంత సిన్నదైనా."

"అది కడుపుదాకా పగిలిన జాడీ. నువ్వే గోటితో మోగించి, తిప్పి చూసి, బాగుచేసే వరసలో పెట్టావు. ఎందుకు?"

అతను ముందుకు వంగి, నేలమీద ముక్కల్లో చెయ్యి తిప్పి ఒకటి తీశాడు. బోడి మచ్చ ఉన్న ముక్క. దాన్ని నాకివ్వలేదు. ఇన్‌స్పెక్టరుకూ ఇవ్వలేదు. బొటనవేలితో ఆ మచ్చను రుద్దుతూ కూర్చున్నాడు.

"ఇంకోపాలి కాలిస్తే నూని పోయేది. పైన పూతేస్తే కప్పడిపోయేది," అన్నాడు. "నాను తుడిసినాను బాబూ. తడిగుడ్డతోటి తుడిసి తుడిసి ముంచినాను. నెత్తురు ఒక్క సుక్క నేకుండా పోయింది. నూని సంగతి బుర్రకి తట్టనేదు. మా సెడ్డులో నూని ఎవులు రాస్తారు?"

అతని గొంతులో ఉన్నది నేరం చేసిన భయం కాదు. పనివాడికి తన చేతిమీద వచ్చే కోపం.

"చెత్తకుప్పలో పారెయ్యకపోయావా?" అన్నాడు వైకుంఠరావు.

"పూత ముంచకుండా పగిలినయి సోమారం ఆడోళ్ళు దంచి మట్టిలో కలిపేస్తారు. సూస్తారని బయిం."

"ఎందుకు చంపావు?"

"పూతలో సూది బొక్కలు పడుతున్నాయని ఆయిన ఎర్రమందు తెచ్చినాడు. సీసం మందు, ముట్టుకుంటే ఇసం. కలిపితే పూత నీరులా పారి, బొక్కలన్నీ పూడిపోయి అద్దంలా వొస్తాది. జాడీలు బాగుపడినాయి. నా సెల్లి కడుపులో రెండు పిండాలు పోయినాయి. సేతులు పోయినాయి. మందు తగ్గిద్దాం బాబూ, మట్టి ఇంకా మెత్తగా జల్లిద్దాం, మంట నెమ్మదిగా ఎక్కిద్దాం, బొక్కలు పడవు అన్నాను. ఇన్నేదు. ఆదివారం నాను దీని జాడీలు ముంచుతుంటే సూసేసినాడు. దాన్ని రేపటినుండి రావద్దను, ఇంకో ఆడదాన్ని తెస్తాను, మందు ఇంకొంచెం ఎక్కువెయ్యి అన్నాడు. అని తొట్టిలోకి వంగినాడు, పూత ఎంత సిక్కగుందో సూడ్డానికి." బొటనవేలు మచ్చ మీద ఆగింది. "జాడీ నా సేతిలోనే ఉంది."

"అబద్దం," అన్నాడు అసిరయ్య. "బావ అబద్దం ఆడతన్నాడు బాబూ. నానే. సోమారం."

"నువ్వు నోరు ముయ్యిరా బావా."

"నానే బాబూ. నాకు సంకిల్లు తియ్యకండి."

నేరం భార్య మీదికి వస్తుందని మెడ ఇచ్చినవాడు, ఇప్పుడు భార్య కోసం చేసినవాడికి మెడ ఇస్తున్నాడు. నేను ఉదయం నుంచి ఇతన్ని మంచి అబద్ధాలకోరు కాదనుకున్నాను. అది నిజమే గాని, అంతకంటే మొండివాడని ఇప్పుడే తెలిసింది.

వైకుంఠరావు టోపీ తీసి చెమట తుడుచుకున్నాడు. "జాడీ పొడైంది. ఇద్దరు మనుషులు, ఇద్దరూ నేనంటే నేనంటున్నారు. ఎవర్ని తీసుకెళ్ళి నిలబెట్టినా రెండోవాణ్ణి చూపించి ప్లీడరు కేసు చెడగొడతాడు. ఇందులో సాక్షి ఒక్కతే ఉంది పద్మనాభం గారూ." ఆమె వైపు తిరిగాడు. గొంతు తగ్గించాడు. "ఆదివారం నువ్వు షెడ్డులో ఉన్నావా లేదా? నీ జాడీలు ఎవరు ముంచారు? అది చెప్పు. దాన్నిబట్టి ఒకణ్ణి వదిలేస్తాను."

మొగుణ్ణి బయటికి తెప్పించమని ఆమె నన్ను పిలిచింది. తెప్పించాను. ఆ గుమ్మంలోంచి ఒక్క మనిషే పట్టేలా తెప్పించాను. ఆమె చేతులు ఇంకా చాచే ఉంచింది. వాటిని ఎక్కడ పెట్టుకోవాలో తెలియక. కప్పుమీద చప్పుడు ఆగిపోయింది. ఎప్పుడు ఆగిందో మాలో ఎవరమూ గమనించలేదు.

"సెప్పు సెల్లీ," అన్నాడు సింహాచలం.

ఆమె తల ఊపింది, కాదన్నట్టు. అతను చేతిలో ముక్కను నేలమీద పెట్టాడు, అంచు కింద ఆనకుండా, మెల్లగా.

"సెప్పేయ్. బావకి అన్నం పెట్టడానికి ఇంక నీ సేతులు లేవు గాని, నీకు పెట్టడానికి ఆడి సేతులుండాల గదా."

తవిటమ్మ ఇన్‌స్పెక్టరు వైపు తిరిగింది.

"ఆదివారం నాను ఇంటికాడే ఉన్నాను బాబూ," అంది. "నా జాడీలు మా అన్నియ్యే ముంచినాడు."